విమానానికి పుట్టుమచ్చలు

మన పిల్లల పదవ తరగతి సర్టిఫికెట్టు ఒకసారి తీసి చూడండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అయిన తరువాత 'కుడి మోచేతి మీద పుట్టుమచ్చ, మెడ మీద ఎడమవైపున పుట్టుమచ్చ' అని రెండు గుర్తులు రాసి వుంటాయి. ముక్కూ మొగమూ ఒకే తీరుగా వున్న కవలలు వచ్చి నిలబడినా, ఆ మచ్చలు ఎవరు ఎవరో చెప్పేస్తాయని రాసినవారి నమ్మకం. మనుషుల సంగతి ఇలా వుండగా, ఒకే కర్మాగారంలో ఒకే అచ్చున తయారైన విమానాల సంగతి ఏమిటి? వాటికీ పుట్టుమచ్చలున్నాయి. రెక్కల మీద రంగుల చక్రాలు, తోక మీద మూడు పట్టెలు, పక్కల మీద అక్షరాలూ అంకెలూ ఆ మచ్చలే. విమానాన్ని చిన్న బొమ్మగా చేసే సరదా వున్నవారికి, ఆ మచ్చలను సరిగా అంటించడమే అన్నిటికంటే కష్టమైన పని. వాటిలో నిజం ఎంత వుండాలన్న మాట మీద మా ప్రగతి నగర్‌లో మొన్నీమధ్య పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చలో తెలుసుకున్న విశేషాలను పాఠకులతో పంచుకోవాలని యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. విమానాలతో నాకేమి పని అని మీరు అడగవచ్చు. పని నాది కాదు, మా మేనల్లుడిది. అంబీర్ చెరువుకు దగ్గరలోనే మా అక్కయ్యగారి ఇల్లు. కుర్రవాడు పగలంతా హైటెక్ సిటీలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. రాత్రి భోజనం కాగానే బల్ల దీపం వేసుకుని, చిమటాతో, నంబరు తక్కువ కుంచెలతో కూర్చుంటాడు. మా అక్కయ్య బాధ వేరు. "పెళ్ళి సంబంధాలు చూద్దాం రారా అంటే, వీడు విమానాలకు బొట్లు పెడుతూ కూర్చున్నాడు తమ్ముడూ!" అంటుంది. ఆమె వేళాకోళానికి అన్నా, మాట మాత్రం సరిగ్గా సరిపోయింది. అది బొట్టు పెట్టడమే.

ఇవి మనకు కొత్తవి కావు

అమ్మమ్మల నాటి సింగర్ కుట్టుమిషనును గుర్తుకు తెచ్చుకోండి. నల్లని ఇనుము మీద బంగారు రంగు తీగెలూ పువ్వులూ మెరుస్తూ వుండేవి గదా! అవి కుంచెతో వేసినవి కావు. కాగితం మీద అచ్చువేసి, ఇనుము మీదికి దించినవి. సైకిలు గొట్టం మీద కంపెనీ పేరు, పింగాణీ కప్పు మీద గులాబీ పువ్వు కూడా ఆ జాతివే. కప్పు మీది పువ్వును అంటించిన తరువాత కొలిమిలో కాలుస్తారు, అంతే తేడా. వీటినే డెకాల్స్ అంటారు. 'డెకాల్కొమనీ' అన్న ఫ్రెంచి మాటకు ఇది పొట్టి పేరు.

బొమ్మ విమానాలకు వాడే డెకాల్ తీరు ఇది. కాగితానికి ముందుగా నీటిలో కరిగే జిగురు పూస్తారు. దాని మీద వార్నిషు వంటి పలుచని పొర, ఆ పొర మీద రంగులు. కావలసిన ముక్క కత్తిరించి గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు వుంచితే జిగురు కరిగి, పొర కాగితాన్ని వదులుతుంది. కుంచె కొనతో మెల్లగా నెడితే బొమ్మ రెక్క మీదికి జారుతుంది. గుడ్డతో ఒత్తి నీరు తీసేస్తే అక్కడే నిలిచిపోతుంది.

చెప్పడానికి ఇంతే. చేయబోతే చిక్కులెన్నో. గరుకు రంగు మీద అంటిస్తే పొర కింద గాలి చిక్కుకుని, వెండి పొడి చల్లినట్టు మెరుస్తుంది. అందుకని ముందు నున్నని మెరుపు వార్నిషు పూయాలి, తరువాత డెకాల్, అటుపైన మెరుపు తగ్గించే వార్నిషు. విమానం ఒంటి మీద గాడులూ వంపులూ వుంటాయి కాబట్టి, పొరను మెత్తబరచే ద్రవం ఒకటి రాస్తారు. అది తగిలితే పొర కాసేపు ముడతలు పడి, చూసేవాడికి గుండె ఆగినంత పని అవుతుంది. ఆ సమయంలో వేలు పెట్టరాదు. ఓపిక పట్టితే తానే సర్దుకుని, రంగు వేసినట్టే అమరుతుంది.

ఇక కొలతల సంగతి. మా వాడు చేసేది 72వ వంతు బొమ్మలు. అనగా 6 అడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడన్నమాట. 64 అడుగుల రెక్కల విమానం 10 అంగుళాల పైచిలుకుకు దిగివస్తుంది. మూడడుగుల చక్రం అర అంగుళమవుతుంది. అసలు విమానం మీద అంగుళం ఎత్తున రాసిన అక్షరం, బొమ్మ మీద మిల్లీమీటరులో మూడో వంతు! ఆవగింజ మీద వరుసగా మూడు నాలుగు అక్షరాలు పట్టిస్తారన్నమాట. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి అక్షరమూ చదవవచ్చు.

ఫోటోలు తీసే విమానం

మా మేనల్లుడు యుద్ధ విమానాలన్నిటినీ చేయడు. నిఘా విమానాలంటేనే వాడికి మక్కువ. వీటి పని శత్రువు మీద బాంబులు వేయడం కాదు. అతి ఎత్తున ఎగిరి, ఫోటోలు తీసి, తెచ్చి ఇవ్వడం. ఒంటరిగా వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళిందీ ఇంట్లో చెప్పరాదు. తిరిగి వచ్చినా పూలదండలుండవు.

మన దేశంలో యీ పనికి పేరుపడ్డది కాన్‌బెర్రా. ఇంగ్లండులో 1949 మే 13న మొదటిసారి ఎగిరిన జెట్ విమానమిది. మన విమానదళంలోకి 1957లో వచ్చి, 2007లో సెలవు తీసుకున్నది. ఏభై ఏళ్ళ కొలువు! ఫోటోలు తీసే రకానికి పీ.ఆర్. 57 అని పేరు. 106వ స్క్వాడ్రన్ వారు వీటిని నడిపేవారు. 1959 ఏప్రిల్ 10న యీ రకం విమానాన్ని పాకిస్తాన్ వారు రావల్పిండి ప్రాంతంలో కూల్చివేశారు. అందులోని ఇద్దరూ పారాచూట్లతో దిగి ప్రాణాలతో బయటపడ్డారు. చైనా యుద్ధానికి ముందు అక్సాయ్ చిన్, టిబెట్టు కొండల మీదికి కాన్‌బెర్రా నడిపి ఫోటోలు తెచ్చిన జగ్ మోహన్ నాథ్ గారికి మహావీరచక్రం ఇచ్చారు. 1965 యుద్ధంలో అదే పనికి రెండవ మహావీరచక్రం వచ్చింది. కార్గిల్ రోజుల్లో, 1999 మే 21న, ఒక కాన్‌బెర్రాకు క్షిపణి తగిలి ఒక ఇంజను పోయింది. మిగిలిన ఒక్క ఇంజనుతోనే దాన్ని శ్రీనగర్‌లో దించారు.

దీని తరువాతి తరం మిగ్-25. 1981లో రష్యా నుంచి వచ్చింది. ధ్వని వేగానికి దాదాపు మూడు రెట్లు పరుగెత్తేది. 20 కిలోమీటర్ల పైన ఎగిరేది. 2006లో విశ్రమించింది. దానికి మనవారు పెట్టుకున్న పేరు 'గరుడ'. నన్నయగారి ఆదిపర్వం పాఠం చెప్పేవాడిని గనుక ఆ పేరు వినగానే నాకు సంతోషం కలిగింది. ఆ గరుత్మంతుడు స్వర్గం నుంచి అమృతం తెచ్చాడు. ఈ గరుడుడు తెచ్చింది ఫిల్ము చుట్టలు.

ఆకాశం నుంచి నేలను చూసే విద్య మన ఊరికి కొత్త కాదు సుమా! ప్రగతి నగర్‌కు అట్టే దూరం లేని బాలానగర్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వున్నది. వరదలు ఎంతమేర ముంచాయో, పైర్లు ఎలా వున్నాయో పైనుంచి తీసిన చిత్రాలతో అక్కడ లెక్క కడతారు. కన్ను అదే, చూసే కారణం వేరు.

చక్రం కథ

మా వాడు తెప్పించిన కాన్‌బెర్రా పెట్టెలో ప్లాస్టిక్కు ముక్కలతోపాటు ఇంగ్లీషువారి ఎరుపు, తెలుపు, నీలి చక్రాలు వచ్చాయి. అవి అంటిస్తే అది లండను విమానం. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అంటిస్తే మన విమానం. మిగతా ముక్కలన్నీ ఒకటే. అప్పుడు నాకు ఆ అర అంగుళపు చక్రం మీద ఆసక్తి పుట్టింది.

మన విమానదళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. పాలకులు ఇంగ్లీషువారు గనుక చక్రమూ వారిదే. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను వారితో బర్మా వైపున పోరు వచ్చింది. జపాను విమానాల మీది గుర్తు ఎర్రని సూర్యబింబం. ఆకాశంలో రెప్పపాటు కాలం మాత్రమే చూసేవాడికి ఎర్రని చుక్క కనిపిస్తే చాలు, శత్రువని తుపాకి పేల్చవచ్చు. అందుకని ఈ ప్రాంతపు విమానాల మీద ఎరుపును తుడిచేసి, నీలమూ లేత రంగూ మాత్రం వుంచారు. మచ్చలో ఒక్క రంగు తేడా వస్తే సొంతవారి చేతిలోనే ప్రాణం పోతుందన్నమాట! స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కొంతకాలం అశోకచక్రం పెట్టుకున్నారు. 1950 నుంచి వెలుపల కాషాయం, నడుమ తెలుపు, మధ్యన ఆకుపచ్చ వున్న నేటి చక్రం వచ్చింది.

ఆ మూడు రంగుల వెనక మన తెలుగువాడు వున్నాడని వేరే చెప్పాలా? భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1916లో జాతీయ పతాకం మీద పుస్తకమే రాశారు. 1921లో బెజవాడలో కాంగ్రెసువారు సమావేశమైనప్పుడు గాంధీజీకి జెండా నమూనా సమర్పించారు. అది మార్పులు పొందుతూ వచ్చి, 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండా అయింది. ఆ జెండా ఎలా వుండాలో 1951లో భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఆ సంస్థ ప్రమాణాల్లో ఒకటో నంబరు దానిదే.

అబద్ధమాడిన అంకెలు

ఇన్ని కథలున్న మచ్చలు ఒక్కొక్కప్పుడు అబద్ధం కూడా చెబుతాయి. 1960 మే 1న అమెరికావారి యూ-2 నిఘా విమానాన్ని రష్యావారు కూల్చారు. అది వాతావరణ పరిశోధనకు పోయిన విమానమని అమెరికా బుకాయించింది. ఆ మాటకు సాక్ష్యంగా మరొక యూ-2 తోక మీద పరిశోధన సంస్థ అయిన నాసా పేరు రాసి, దానికి లేని నంబరు ఒకటి కల్పించి, మే 6న పత్రికలవారికి చూపించారు. మరునాడే క్రుశ్చేవ్, పైలట్ పవర్స్ బతికే తమ చేతిలో వున్నాడని ప్రకటించాడు. రాత్రికి రాత్రి వేసిన రంగు మర్నాటికి వెలిసిపోయింది! ఇప్పుడు ఆ నంబరుతో యూ-2 బొమ్మ చేసేవాడు ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టుగా చేయవలసిందే. అక్కడ చరిత్ర అదే మరి.

సార్జెంటుగారి మూడు

మా అక్కయ్యగారి అపార్టుమెంటు కింది అంతస్తులో విమానదళం నుంచి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. అందరూ సార్జెంటుగారని పిలుస్తారు. ఆగ్రాలో కాన్‌బెర్రాల దగ్గర చాలా ఏళ్ళు పనిచేశారు. విమానం దిగగానే ఫిల్ము విప్పి, చీకటి గదిలో కడిగి, ఆరబెట్టే పని ఆయనది. దుండిగల్ విమానదళ అకాడమీ ఇక్కడికి దగ్గరే. అటువైపు శిక్షణ విమానం చప్పుడు వినిపిస్తే, ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి తల ఎత్తి చూస్తారు.

ఒక ఆదివారం మేనల్లుడు తాను గీసిన డెకాల్ నమూనా కాగితం ఆయనకు చూపించాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, వేలు పెట్టి, "ఈ మూడు మాది కాదు నాయనా" అన్నారు.

"అదేమిటి తాతగారూ! నంబరు సరైనదే. పుస్తకంలో ఫోటో చూసి గీశాను."

"నంబరు సరే. అంకె ఆకారం చూడు. నువ్వు పైన గుండ్రంగా వేశావు. మా మూడుకు పైన బల్లపరుపు. రంగులు వేసేవాడు మా బారకులోనే వుండేవాడు. వాడి చేతివాటం అది."

మేనల్లుడు గబగబ పుస్తకం తెచ్చి చూపాడు. ఫోటోలో మూడు గుండ్రంగానే వున్నది. పెద్దాయన మొగం చిన్నబోయింది. కాసేపు మాట్లాడలేదు. తరువాత నా వైపు తిరిగి, "మాస్టారూ, వేల అడుగుల ఫిల్ము కడిగాను. ఎవరెవరి కొండలో, ఎవరెవరి వంతెనలో నా చేతులమీదుగా పోయాయి. ఆ విమానం దగ్గరికి సొంత కెమెరా తేనిచ్చేవారు కాదు. దాని ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. నాకున్నది ఆ మూడే" అన్నారు.

అప్పుడు నేను కల్పించుకోవలసి వచ్చింది. మా తెలుగువారికి ఇటువంటి తగవులు కొత్త కావు. తాళపత్ర గ్రంథాలు ముందేసుకుని, ఒక ప్రతిలో ఒక పాఠం, మరొక ప్రతిలో మరొక పాఠం వుంటే, ఏది ఏ కాలపుదో తేల్చుకోవడమే పరిష్కర్తల పని. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని అచ్చువేసేదాకా అటువంటి కావ్యం వున్నదని ఎందరికి తెలుసు? ఒక్క ప్రతి బయటపడితే లెక్కలు మారిపోతాయి. కాబట్టి తాళపత్రాన్ని అడిగే ప్రశ్ననే ఫోటోనూ అడిగాను: "ఒరే, ఆ ఫోటో ఏ సంవత్సరానిది?"

వాడు ఫోటో కింది మాటలు చదివాడు. 1965 నాటిది. సార్జెంటుగారు ఆగ్రా వెళ్ళింది 1973లో. నడుమ ఎనిమిదేళ్ళు. "మరమ్మతుకు పోయివచ్చిన ప్రతిసారీ పాత రంగు గీకి కొత్తది వేస్తాం గదా" అని పెద్దాయనే గుర్తు చేశారు. అనగా ఫోటోది తప్పు కాదు, ఆయన జ్ఞాపకమూ తప్పు కానక్కరలేదు. పుట్టుమచ్చ మనిషికి జన్మాంతం వుంటుంది. విమానం మచ్చ మాత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే నిజం.

"అయితే మామయ్యా, ఫోటో ఆధారం లేకుండా ఆయన మాట మీద చేయమంటావా?" అన్నాడు మేనల్లుడు. వాడి పట్టుదల నాకు నచ్చింది. ఆధారం అడగని పనికి విలువ లేదు. కాని సాక్షి ఎదుట కూర్చుని వుండగా ఆయన మాటను కొట్టేయడమూ న్యాయం కాదు. పరిష్కర్తలు ఊహించి వేసిన పాఠం కింద ఆ సంగతి స్పష్టంగా రాస్తారు. అదే చేయమన్నాను. రెండు విమానాలు చేయాలి. ఒకటి 1965 నాటిది, ఫోటో ప్రకారం. రెండవది 1973 నాటిది, దాని పీఠం మీద 'పనిచేసినవారి జ్ఞాపకం ప్రకారం' అని రాసి.

ఛత్తా బజారులో తెల్లరంగు

మూడును తిరిగి గీయడం గంట పని. అచ్చువేయడమే పెద్ద తంటా. మన ఇళ్ళలోని ప్రింటర్లు తెల్లరంగు వేయలేవు. తెల్లకాగితం మీద అచ్చువేసేటప్పుడు ఖాళీ వదిలితే అదే తెలుపు అవుతుంది. కాని డెకాల్ పొర గాజులా కనిపించేది. తెలుపు లేని చోట విమానం రంగు బయటికి వస్తుంది. కాషాయం కింద కూడా తెలుపు లేకపోతే బూడిద రంగు తొంగిచూసి, జెండా మాసినట్టు వుంటుంది.

చివరికి పాతబస్తీలో ఛత్తా బజారుకు పోయాము. పెళ్ళి శుభలేఖలకు పేరుపడ్డ వీధి అది. స్క్రీన్ ప్రింటింగు చేసే ఒక పెద్దమనిషి డెకాల్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒప్పుకున్నాడు. ముందు పారదర్శకమైన పొర, అది ఆరాక తెలుపు, అది ఆరాక కాషాయం, ఆపైన ఆకుపచ్చ. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర. ఏ తెర వెంట్రుకవాసి పక్కకు జరిగినా చక్రం అంచున తెల్లని నెలవంక కనిపిస్తుంది. మూడుసార్లు వేసి మూడుసార్లూ ఆయనే చించేశాడు. మాకు సరే అనిపించిన కాగితాన్ని కూడా ఒప్పుకోలేదు. "శుభలేఖలో పువ్వు కొంచెం పక్కకు పోతే ఎవరూ అడగరు సార్. ఇది జెండా రంగు. పోకూడదు" అన్నాడు. నాలుగోసారి కుదిరింది. ఆ చివరి కాగితానికి తప్ప, చించేసిన వాటికి డబ్బు తీసుకోలేదు.

రెండవ విమానం పూర్తి అయిన రోజున సార్జెంటుగారిని పిలిచాము. మా అక్కయ్య సైతం గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. ఆయన బొమ్మను చేతిలోకి తీసుకోలేదు. వంగి, తోక దగ్గరికి మొగం పెట్టి చూశారు. పేరు ఒకటి మెల్లగా అన్నారు. రంగులు వేసే ఆ స్నేహితుడి పేరని తరువాత తెలిసింది. ఏ జాబితాలోనూ, ఏ పతకం మీదా ఆ పేరు వుండకపోవచ్చు. అతని చేతివాటం మాత్రం ఒక్క అంకెలో మిగిలింది.

పాఠకులకు ఒక్క మనవి. మీ ఇళ్ళలో కూడా విమానదళంలోనో, రైల్వేలోనో, కర్మాగారంలోనో పనిచేసిన పెద్దలుంటారు. బీరువా అడుగున పాత ఫోటోలుంటాయి. ఈ ఆదివారం వాటిని బయటికి తీయండి. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని వారిని అడిగి, ఫోటో వెనక పెన్సిలుతో రాయండి. తేదీ లేని ఫోటో సాక్ష్యంలో సగమే చెబుతుంది. మిగతా సగం చెప్పగలవారు ఇప్పుడు మీ వరండాలో కాఫీ తాగుతూ కూర్చుని వుండవచ్చు.